బొమ్మ పడే ముందు ఎనిమిది సెకన్లు

పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్ ఫైళ్లుగా మార్చి ఇచ్చే ఒక చోట నా చిన్ననాటి టేపులు నాలుగు ఇచ్చి, వారం తరువాత వెళ్లి తెచ్చుకున్నాను. పని శుభ్రంగానే చేశారు. బొమ్మ నిలకడగా ఉంది, అడ్డగీతలు తగ్గాయి, వెనకాల వినిపించే గరగర కూడా చాలావరకు పోయింది. అయితే మొదటి ఫైలు తెరవగానే కథ నేరుగా మొదలైపోయింది. ఏదో పొరపాటున ముందుకు జరిపానేమో అనుకుని రెండుసార్లు వెనక్కి వెళ్లి చూశాను. ఆ టేపు మొదట్లో ఉండవలసిన లోగో, అంటే పిల్లల వీడియోలు మాత్రమే విడుదల చేసిన ఒక చిన్న సంస్థ తన పేరును ఆడిస్తూ పాడిస్తూ చూపించే ఎనిమిది సెకన్ల యానిమేషన్, అక్కడ లేదు. ఫోన్ చేసి అడిగితే, "అది కంపెనీ వాళ్ల ప్రకటనే కదండీ, కార్యక్రమం కాదు కదా అని తీసేశాం" అని మర్యాదగానే చెప్పారు. నాలుగు టేపులకూ అదే చేశారు.

వాళ్ల మీద కోపం లేదు. చాలామంది అలాగే అనుకుంటారు కనుక వాళ్లూ అలాగే అనుకున్నారు. కానీ ఆ మాట సరైనది కాదని నా గట్టి నమ్మకం. పిల్లల వీడియో సంస్థ లోగో ఆ టేపుకు అతికించిన చీటీ కాదు, ఆ టేపులోని మొదటి దృశ్యం. చదవడం రాని ప్రేక్షకుడికి, అంటే మూడేళ్ల పిల్లకో నాలుగేళ్ల పిల్లాడికో, అది పుస్తకానికి అట్ట, మొదటి పేజీ, రచయిత పేరు అన్నీ కలిసిన ఒకే వస్తువు. అందుకే ఒక మిత్రుడి దగ్గర క్యాసెట్లను ఆడించే యంత్రం, వీసీఆర్, అడిగి తెచ్చుకుని, ఆ టేపును నేనే మళ్లీ మొదటినుంచీ ఎక్కించుకున్నాను. ఆ పని చేస్తున్నప్పుడు ఆ ఎనిమిది సెకన్లను ఫ్రేము ఫ్రేముగా చూసే అవకాశం దొరికింది.

ముదురు నీలం తెర. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఎడమ పక్కనుంచి ఒక ఎర్ర బంతి దొర్లుకుంటూ వచ్చి, వరుసగా పేర్చిన చెక్క దిమ్మెల మీదికి ఎగురుతుంది. ఒక్కో దిమ్మె మీద ఒక్కో అక్షరం ఉంది. బంతి తాకినప్పుడల్లా ఆ దిమ్మె కాస్త కుంగి ఒక స్వరం పలుకుతుంది. ఐదు దిమ్మెలు, ఐదు స్వరాలు. చివరి దిమ్మె అంచున బంతి జారబోయి, తమాయించుకుని నిలబడుతుంది. అప్పుడు అక్షరాల మీదుగా ఒక మెరుపు వెళుతుంది, తెర నల్లబడుతుంది. అంతే. కానీ ఆపి చూస్తే అందులో ఎంత పనితనం ఉందో తెలుస్తుంది. దిమ్మెను తాకడానికి ముందు ఫ్రేములో బంతి నిలువుగా సాగి ఉంటుంది, తాకిన ఫ్రేములో అప్పచ్చిలా నొక్కుకుపోయి ఉంటుంది, ఆ తరువాతి ఫ్రేములో మళ్లీ సాగుతుంది. కదిలే బొమ్మలు గీసేవారు మొట్టమొదట నేర్చుకునే పాఠం ఇదే. జారబోయే ఘట్టానికి మాత్రం గీసినవారు దాదాపు సెకనున్నర ఇచ్చారు. ఎనిమిది సెకన్లలో సెకనున్నర అంటే చిన్న భాగం కాదు. సంస్థ పేరు చూపించడానికి ఆ జారడం అవసరం లేదు. పిల్లవాడు ఊపిరి బిగబట్టడానికి మాత్రం అది అవసరం, గీసినవారు దానికోసమే అంత వ్యవధి ఇచ్చారు.

ఆ అక్షరాలను చదవడం నాకు అప్పటికి రాదు. అయినా ఆ దిమ్మెలు కనిపిస్తే ఇది నా టేపు అని, వేరే రకం దృశ్యం వస్తే ఇది పెద్దవాళ్ల టేపు అని తెలిసేది. అందరు పిల్లల సంగతీ ఇంతే. 1991లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు 229 మందికి రకరకాల సంస్థల లోగోలు చూపించి, ఏ లోగో ఏ వస్తువుకు చెందిందో జత చేయమన్నారు. ఆరేళ్ల పిల్లల్లో అత్యధికులు డిస్నీ ఛానెల్ లోగోను సరిగ్గా గుర్తుపట్టారు. అదే వయసు పిల్లల్లో 91 శాతం మంది ఒక సిగరెట్ కంపెనీ ఒంటె బొమ్మను కూడా దాదాపు అంతే సులువుగా గుర్తుపట్టారు, ఆ అధ్యయనం అంత సంచలనం కావడానికి కారణం ఆ రెండవ విషయమే. ఆ ఆందోళన న్యాయమైనది. నేను దాన్ని ఇక్కడ ప్రస్తావించేది ఇంకో కారణానికి. అక్షరం రాకముందే పిల్లలు చిహ్నాన్ని చదువుతారు, దానికొక అర్థం కల్పించుకుంటారు, ఆ అర్థాన్ని చాలాకాలం మోస్తారు. అంత బలమైన వస్తువును పిల్లల చేతిలో పెట్టేవారు దాన్ని ఎంత శ్రద్ధగా తయారు చేశారన్నది చిన్న ప్రశ్న కాదు.

దీనికి తోడు పిల్లలు చూసిందే చూస్తారు. పెద్దలు ఒక సినిమాను ఒకటి రెండుసార్లు చూస్తే, పిల్లలు ఒక టేపును అరిగిపోయేదాకా చూస్తారు. 1996లో మొదలైన 'బ్లూస్ క్లూస్' అనే పిల్లల కార్యక్రమంలో నికెలోడియన్ అనే అమెరికా పిల్లల ఛానెల్ ఒకే భాగాన్ని వారంలో ఐదు రోజులూ ప్రసారం చేసింది, మళ్లీ మళ్లీ చూసినకొద్దీ పిల్లలు ఎక్కువ అర్థం చేసుకుంటారని, ఎక్కువగా పాల్గొంటారని పరిశోధకులు గమనించారు. ఇంట్లో క్యాసెట్ ఉంటే ఆ పని పిల్లలు ఎవరూ చెప్పకుండానే చేస్తారు. 1980ల మధ్య వరకు పెద్ద సంస్థల సినిమా క్యాసెట్లు చాలా ఖరీదుగా ఉండేవి, అమెరికాలో ఒక్కోటి సుమారు 80 డాలర్లు పలికేది, కనుక జనం అద్దెకు తెచ్చుకుని మర్నాడు తిరిగి ఇచ్చేసేవారు. 1988లో డిస్నీ 'సిండ్రెల్లా'ను 26.99 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఇలాంటి ధరలతో పిల్లల క్యాసెట్ అద్దె వస్తువు నుంచి సొంత వస్తువుగా మారింది. సొంతమైన టేపును వంద సార్లు చూసిన పిల్లవాడు దాని మొదటి ఎనిమిది సెకన్లను కూడా వంద సార్లు చూస్తాడు. ఎంత ప్రేమించిన కథలోనైనా కొన్ని ఘట్టాలను దాటవేస్తారు, కానీ టేపును మొదటికి తిప్పి పెట్టిన ప్రతిసారీ లోగో వచ్చి తీరుతుంది. ఆ విధంగా చూస్తే, చాలామంది జీవితంలో అత్యధిక పర్యాయాలు చూసిన యానిమేషన్ ఏదో ఒక లోగోయే అయి ఉంటుంది.

మా అక్క కూతురికి మూడేళ్లు. నేను ఎక్కించిన ఫైలును దానికి చూపించినప్పుడు బంతి జారబోయే చోట కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. కథ మొదలయ్యాక ఒక నిమిషం చూసి, "మామయ్యా, బంతి మళ్లీ" అంది. ఆ రోజు కథ చూడనేలేదు.

ఈ లోగోల చరిత్రలో డిస్నీవి అందరికీ తెలిసినవి కనుక వాటితో మొదలుపెడతాను. జేవీసీ సంస్థ వీహెచ్‌ఎస్ అనే ఇంటి వీడియో క్యాసెట్ల పద్ధతిని 1976లో జపాన్‌లో విడుదల చేసింది, డిస్నీ 1980లో ఇళ్లకు క్యాసెట్లు అందించడం ఆరంభించింది. ఆ తొలి రోజుల వాల్ట్ డిస్నీ హోమ్ వీడియో లోగోలో నల్లటి తెర మీద మిక్కీ మౌస్ ఆకారం నియాన్ దీపాల గీతలతో వెలుగుతుంది. అభిమానులు దాన్ని నేటికీ 'నియాన్ మిక్కీ' అనే పిలుస్తారు. కొన్నేళ్లకే దాని స్థానంలోకి మంత్రగాడి టోపీ పెట్టుకున్న మిక్కీ వచ్చాడు, అంటే 1940 నాటి 'ఫాంటాసియా'లో గురువు టోపీ తీసుకుని చీపురుకట్టకు ప్రాణం పోసి చిక్కుల్లో పడే శిష్యుడు. ఈ రెండింటిలో నాకు రెండవది మెరుగైన ఆలోచనగా అనిపిస్తుంది. నియాన్ మిక్కీ ఆ కాలపు వీధి దీపాల సోకును తెచ్చి పిల్లల ముందు పెట్టాడు. టోపీ మిక్కీ అలా కాదు, పిల్లలకు తెలిసిన పాత్ర, చేతులెత్తితే ఏదో జరుగుతుందని తెలిసిన పాత్ర. తెర మీద బొమ్మ రాబోతోందని చెప్పడానికి అంతకంటే తగినవాడు దొరకడు. పిక్సార్ కూడా ఇదే పద్ధతిని పట్టుకుంది. 1986లో 'లక్సో జూనియర్' అనే పొట్టి చిత్రం కోసం పుట్టిన బల్లదీపం, తరువాత ఆ సంస్థ పేరులోని ఒక అక్షరం మీదికి గెంతి దాన్ని అణగదొక్కి, మన వైపు తిరిగి చూస్తుంది. అక్కడ అక్షరం అలంకారంగా మిగిలిపోలేదు, ఆట వస్తువయ్యింది. నా టేపులోని బంతీ దిమ్మెలూ చేసింది ఆ పనే, చిన్న సంస్థ స్తోమతలో.

ఇవి ఎలా తయారయ్యేవో తెలుసుకున్నకొద్దీ నాకు గౌరవం పెరిగింది. వెలుగు చిమ్మే అక్షరాలు కావాలంటే కంప్యూటర్ లేని రోజుల్లో నల్లటి ఫిల్ము మీద అక్షరం ఆకారం మాత్రం పారదర్శకంగా ఉండేలా చేసి, దాని కింద నుంచి దీపం పెట్టి, మధ్యలో రంగు కాగితం ఉంచి, పైనుంచి కెమెరాతో ఒక్కో ఫ్రేము తీసేవారు. కాంతి చుట్టూ మసక వలయం రావడానికి కెమెరా ముందు వేరే అద్దం పెట్టి అదే ఫిల్మును వెనక్కి తిప్పి రెండోసారి, మూడోసారి తీసేవారు. ఒక్క తప్పు జరిగితే మొదటినుంచీ మళ్లీ తీయవలసిందే. ఇంకో దారి స్కానిమేట్ అనే యంత్రం. లీ హారిసన్ అనే ఇంజనీరు, అమెరికాలోని డెన్వర్‌లో తన సంస్థ కంప్యూటర్ ఇమేజ్ కార్పొరేషన్ ద్వారా తయారు చేసిన ఈ యంత్రాలు మొత్తం ఎనిమిదే. నలుపు తెలుపు అక్షరాల కార్డును కెమెరాతో చూపి, ఆ బొమ్మను ఒక తెర మీద పడేసి, తెరను గీసే కిరణాన్ని మీటలతో వంచి, మెలితిప్పి, సాగదీసి, దాన్ని మళ్లీ చిత్రీకరించి రంగులు అద్దేవారు. అంతా అప్పటికప్పుడే జరిగేది కనుక యంత్రం ముందు కూర్చున్న మనిషి వాయిద్యం వాయించినట్లు దాన్ని నడిపించేవాడు. రబ్బరులా సాగి, గిరగిర తిరిగి, వెనక రంగుల తోకను వదులుతూ వచ్చే 1970ల నాటి అక్షరాలు చాలావరకు ఈ యంత్రపు చేతి పనే. 1981లో క్వాంటెల్ పెయింట్‌బాక్స్ అనే కంప్యూటర్ యంత్రం వచ్చాక చిత్రకారులు పలక మీద కలంతో నేరుగా టీవీ బొమ్మను గీయగలిగారు, ఆ తరువాత మెల్లగా త్రీడీ కంప్యూటర్ అక్షరాలు అన్ని చోట్లా వచ్చేశాయి. అవి తళతళలాడాయి కానీ, పిల్లల లోగోలకు అవి చేసిన మేలు తక్కువేనని నా అభిప్రాయం. గాలిలో తిరిగే ఇనుప అక్షరానికి బరువు ఉండదు, పిల్లవాడు దాన్ని పట్టుకోవాలని అనుకోడు.

ఆ తయారీ అంతా చివరికి వెళ్లి చేరేది వీహెచ్‌ఎస్ టేపు మీదికి. ఆ టేపు అడ్డంగా సుమారు 240 గీతల వివరాన్ని మాత్రమే పట్టుకోగలదు, అది కూడా వెలుగు నీడల వరకే. రంగు వివరం 40 గీతల దగ్గరే ఆగిపోతుంది. అంటే బొమ్మ ఆకారం ఒకమోస్తరు స్పష్టంగా ఉన్నా, రంగు మాత్రం మోటు కుంచెతో పూసినట్లు ఉంటుంది. అందులోనూ ఎరుపు మహా మొండిది. నా టేపులో బంతిని ఆపి చూస్తే ఎరుపు బంతి గుండ్రానికి కట్టుబడి ఉండదు, కుడి పక్కకు కారి నీలం తెర మీదికి పాకుతుంది, ఎడమ అంచున సన్నని బూడిద రంగు నెలవంక మిగులుతుంది. గీసినవారికి ఇది తెలుసని నాకు అనిపించింది. అక్షరాలకు వాళ్లు ఎరుపు వాడలేదు, తెల్లటి దిమ్మె మీద నల్లటి మందపాటి అక్షరాలు పెట్టారు, నలుపు తెలుపుల మధ్య గీత ఆ టేపు మీద నిలుస్తుంది కనుక. అన్నిటినీ తెర మధ్యకు చేర్చారు, ఆ రోజుల గుండ్రటి అంచుల టీవీలు చుట్టూ కొంత భాగాన్ని మింగేసేవి కనుక. ఎరుపు బంతికి మాత్రమే ఇచ్చారు, బంతి కదులుతూనే ఉంటుంది కాబట్టి కారినా కంటికి తెలియదు. ఇంత చిన్న వస్తువులో ఇంత ముందుచూపు ఉండడం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది.

శబ్దం విషయానికి వస్తే, పిల్లల లోగోలో బొమ్మకంటే శబ్దమే ముందు చేరుతుంది. టేపు పెట్టినవారు పెద్దవాళ్లు, పిల్లలు పక్క గదిలో ఉంటారు. ఆ ఐదు స్వరాలు వినగానే చేతిలో ఉన్నది కింద పడేసి పరిగెత్తి వస్తారు. కనుక ఆ బాణీ గోడ అవతలికి వినిపించాలి, రెండో స్వరానికే గుర్తుపట్టగలగాలి, ఉలిక్కిపడేలా ఉండకూడదు. ఈ చివరి షరతును చాలా సంస్థలు మరిచిపోయాయి.

లోగోలంటే భయపడిన పిల్లలు లెక్కలేనంత మంది. అమెరికా టీవీలో 1960లలో స్క్రీన్ జెమ్స్ అనే సంస్థ 'ఎస్' ఆకారపు లోగోకు ఎరిక్ సైడే అనే స్వరకర్త మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం మీద చేసిన కొద్దిపాటి స్వరాలు ఎంతమందిని హడలగొట్టాయంటే, దానికి 'నరకం నుంచి వచ్చిన ఎస్' అనే పేరు పడింది, 2010లో దాని మీద ఒక పొట్టి డాక్యుమెంటరీ కూడా వచ్చింది. 'రగ్‌రాట్స్' అనే పిల్లల కార్టూన్ తీసిన క్లాస్కీ చూపో స్టూడియో 1998లో తెచ్చిన లోగో ఇంకా దగ్గరి ఉదాహరణ. సిరా మరకలు తెర మీద చిమ్ముతాయి, ఒక చెయ్యి వచ్చి కాగితం మీదనుంచి కత్తిరించిన కళ్లూ నోరూ వాటి మీద పడేస్తుంది, అలా ఏర్పడ్డ ముఖం మరమనిషి గొంతుతో సంస్థ పేరు పలుకుతుంది. చేతి పనిగా చూస్తే అది అద్భుతం, దాన్ని ప్రేమించే పెద్దలు ఈరోజు ఎందరో ఉన్నారు. కానీ ఇష్టమైన కార్యక్రమం ముగిసిన ప్రతిసారీ టీవీ ముందు నుంచి పారిపోయామని చెప్పుకునే వారిలో కూడా చాలామంది దాని పేరే చెబుతారు. కారణం ఊహించడం కష్టం కాదు. కథలో భయపెట్టే ముఖం వస్తే దానికి ముందూ వెనకా ఉంటాయి, ఎవరో ఒకరు వచ్చి కాపాడతారు. లోగోలో ఆ ముందూ వెనకా లేవు. ఒళ్లు లేని ముఖం, ఎవరిదో తెలియని గొంతు, నేరుగా మన వైపే చూపు, ఆ తరువాత చీకటి. పిల్లవాడికి దాన్ని పెట్టుకోవడానికి చోటు దొరకదు. నా బంతి లోగోలో మొదట ఒక క్షణం నిశ్శబ్దం ఉండడం, బంతి పక్కనుంచి రావడం, మన మీదికి దూకకపోవడం, చివరికి నిలబడడం ఇవన్నీ ఆ పిల్లవాడిని తలచుకుని చేసినవేనని ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

నికెలోడియన్ వారి నారింజ రంగు లోగో గురించి చెప్పకుండా ఉండలేను. టామ్ కోరీ, స్కాట్ నాష్ అనే రూపకర్తలు 1984లో దాన్ని తయారు చేసినప్పుడు రంగునూ అక్షరాల తీరునూ మాత్రమే స్థిరంగా ఉంచి, వెనకాల ఉన్న ఆకారాన్ని స్వేచ్ఛగా వదిలేశారు. అది మరక కావచ్చు, పాదం కావచ్చు, రాకెట్ కావచ్చు, చేప కావచ్చు. లోగో ఎప్పుడూ ఒకేలా ఉండాలన్న నియమాన్ని పక్కన పెట్టి, ఒక వస్తువు ఎన్ని రూపాలైనా ఎత్తగలదన్న పిల్లల నమ్మకాన్ని వాళ్లు పట్టుకున్నారు. తరువాత 1990లలో నికెలోడియన్ వీడియో టేపులు నారింజ రంగు ప్లాస్టిక్ క్యాసెట్లలోనే వచ్చాయి. మిగిలిన టేపులన్నీ నల్లగా ఉండే అల్మారాలో, చదవడం రాని పిల్లవాడు తనది తానే తీసుకోగలిగేవాడు. తెర మీది లోగో చేతిలోకి వచ్చేసిందన్న మాట.

ఇన్ని పనులు చేసిన ఈ వస్తువు టేపులో అన్నిటికంటే ప్రమాదకరమైన చోట ఉండడం విచారించవలసిన విషయం. వీహెచ్‌ఎస్ టేపుకు రెండు కొసలా కొంత పారదర్శకమైన ముక్క ఉంటుంది, వీసీఆర్‌లోని చిన్న దీపపు వెలుగు దాని గుండా పోగానే టేపు అయిపోయిందని యంత్రం గ్రహించి ఆగుతుంది. ఆ ముక్క దాటిన వెంటనే అసలు టేపు మొదలవుతుంది. టేపును మొదటికి తిప్పి ప్లే నొక్కిన ప్రతిసారీ యంత్రం అదే కొద్దిపాటి భాగాన్ని బయటికి లాగి, నిమిషానికి 1500 లేదా 1800 సార్లు తిరిగే డ్రమ్ము చుట్టూ చుడుతుంది. ముడతలు పడేదీ అరిగేదీ అక్కడే. మామూలు శబ్దం టేపు పై అంచున సన్నని గీతగా ఉంటుంది కనుక, అంచు మడత పడితే ముందు దెబ్బ తినేది బాణీయే. పిల్లవాడు ఎంత ప్రేమిస్తే ఆ టేపులో లోగో అంత త్వరగా పాడవుతుంది. ఇష్టం లేని టేపులోనే లోగో చెక్కుచెదరకుండా మిగులుతుంది.

అది అరగకుండా మిగిలినా, మనుషులు తీసేస్తారు. ఒక సంస్థ మూతపడి దాని కార్యక్రమాల హక్కులు ఇంకో సంస్థకు పోతే, కొత్త యజమాని పాత లోగోను తీసి తనది పెడతాడు. లోగోలను సేకరించేవారు దీన్ని ప్లాస్టరింగ్ అంటారు, పాత గోడ మీద కొత్త పూత వేసినట్లు. కార్యక్రమం డీవీడీగా, ఆ తరువాత నెట్‌లో చూసే ఫైలుగా మారేసరికి తొలి లోగో ఆనవాలే ఉండదు. కార్యక్రమం అసలు ఫిల్ము ఎక్కడో భద్రంగా ఉండవచ్చు, కానీ లోగోతో మొదలయ్యే ఆ టేపు కూర్పు మాత్రం ఇళ్లలోని క్యాసెట్లలోనే ఉంటుంది. ఒకరి అటక మీది పెట్టెలో ఉన్న టేపే చివరి ప్రతి అయ్యే సందర్భాలు నిజంగా ఉన్నాయి.

కాబట్టి టేపులను ఫైళ్లుగా మార్పించుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే: మొదటినుంచీ ఎక్కించమని ముందే అడగండి, హెచ్చరిక కార్డులతో సహా, ఖాళీ నలుపుతో సహా. ఇందులో ఒక సాంకేతికమైన మెలిక కూడా ఉంది, దాన్ని పనివారికి కూడా చెప్పవలసి రావచ్చు. కార్టూన్లు ఫిల్ము మీద సెకనుకు 24 ఫ్రేములతో తీసినవి. లోగోలు చాలావరకు నేరుగా వీడియోలో తయారైనవి, అమెరికా పద్ధతిలో సెకనుకు దాదాపు 60 సగం ఫ్రేములు, ఐరోపా పద్ధతిలో 50. లోగో కదలికలో ఆ నున్నదనం అందుకే. మొత్తం ఫైలును కార్టూనుకు తగినట్లు ఒకే పద్ధతిలో సవరిస్తే, కథ చక్కగా వస్తుంది కానీ లోగోలో బంతి కుదుపులతో ఎగురుతుంది, కొన్ని ఫ్రేములు మాయమవుతాయి. అందుకని సవరించని అసలు ఫైలును కూడా విడిగా తీసుకోవాలి. చోటు ఎక్కువ పడుతుంది, అయినా తీసుకోవాలి.

నేను ఎక్కించుకున్న ఫైలు ఆ పారదర్శకమైన ముక్క దాటగానే వచ్చే మంచు లాంటి గందరగోళంతో మొదలవుతుంది. తరువాత బొమ్మ ఒకసారి పక్కకు వంగి నిలబడుతుంది, నీలం తెర వస్తుంది, బంతి దొర్లుతుంది. నాలుగో స్వరం దగ్గర టేపుకు పాత ముడత ఉంది, అక్కడ శబ్దం వణికి కొద్దిగా కిందికి దిగుతుంది. దాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఉన్నా సరిచేయలేదు, నాకు తెలిసిన నాలుగో స్వరం అదే. మిగిలిన మూడు టేపుల్లో రెండు ఈ నెలలో ఎక్కిస్తాను. మూడవదానికి పారదర్శకమైన కిటికీ లోంచి చూస్తే చుట్ట అంచున తెల్లటి బూజు కనిపిస్తోంది. బూజు పట్టిన టేపును శుభ్రం చేయకుండా వీసీఆర్‌లో పెడితే టేపూ పోతుంది, యంత్రమూ పోతుంది కనుక అది ప్రస్తుతానికి పొడి డబ్బాలో, నిలువుగా, విడిగా ఉంది.